ఏడు రేకుల పువ్వు: డిమెన్షియాను ముందే పసిగట్టే ప్రాజెక్టు చేయడం ఎలా

మా అత్తయ్యగారు లేసు అల్లుతారు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అల్లుతారు కాబట్టి అందులో వింత లేదు. మూడేళ్ళ కిందట ఒకరోజు, దారం ఇచ్చి అల్లికలు పట్టుకెళ్ళే ఏజెంటు ఆవిడ ముక్కలు రెండు తిప్పి పంపాడు. అది వింత. యాభై ఏళ్ళుగా ఆవిడ చేతి పని వెనక్కి రాలేదు. చూస్తే, ఎనిమిది రేకులుండాల్సిన పువ్వు ఒకచోట ఏడు రేకులతో ముగిసిపోయింది. ఇంకో ముక్కలో తొమ్మిది రేకులు. "చూపు ఆనడం లేదమ్మాయ్" అన్నారు. మేమూ అదే అనుకుని కళ్ళజోడు మార్పించాం. రేకుల లెక్క మాత్రం మారలేదు.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెబుతాను. ఆ నెలలోనే నాలుగో సంవత్సరం పిల్లలు నలుగురు, అందులో ఇద్దరు సఖినేటిపల్లి రేవు నుంచి రోజూ పంటు దాటి వచ్చేవాళ్ళు, నా గదికి వచ్చి తమ ప్రాజెక్టు డిమెన్షియాను 98 శాతం ఖచ్చితత్వంతో పట్టేస్తోందని సంతోషంగా చెప్పారు. మెదడు స్కాన్ బొమ్మ ఇస్తే చాలు, జబ్బు ఉందో లేదో చెప్పేస్తుందట. ఏటా ఇలాంటి ప్రాజెక్టులు రెండో మూడో నా బల్ల మీదికి వస్తాయి. అన్నీ తొంభై అయిదుకు పైమాటే. ఆ సంఖ్యలో నిజం లేదు. అలాగని పిల్లలు అబద్ధం చెప్పారనడానికి కూడా లేదు. వాళ్ళు చేసిన లెక్కే వాళ్ళను మోసం చేసింది.

ఈ ప్రాజెక్టు చేయబోయే విద్యార్థుల కోసం, ఇంట్లో పెద్దవాళ్ళ మీద బెంగతో లాప్‌టాప్ ముందు కూర్చునే మనవల కోసం ఇది రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. యంత్రానికి నేర్పే పని మాత్రం తెలుసు, ఆ పనిలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఇంకా బాగా తెలుసు.

ప్రశ్న పెట్టుకోవడంలోనే సగం పని ఉంది

డిమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, మాట, ఆలోచన, దారి గుర్తుండటం లాంటివి రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా తగ్గిపోయిన స్థితి అది. దానికి కారణాలు చాలా. అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించేది అల్జైమర్స్. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది ఇంకొకటి. మన ఇళ్ళలో వీటన్నిటికీ కలిపి ఒకటే మాట ఉంది: చాదస్తం. "పెద్దావిడకు చాదస్తం ఎక్కువైంది" అనేసి ఊరుకుంటాం. ఆ ఒక్క మాట చాటున బి12 లోపం ఉండొచ్చు, థైరాయిడ్ మందగించి ఉండొచ్చు, మామయ్యగారు పోయినప్పటి నుంచి తీరని దిగులు ఉండొచ్చు, నిద్రమాత్రల మత్తు ఉండొచ్చు, రేవు మెట్ల మీద జారిపడినప్పుడు తలలో మెల్లగా చేరిన రక్తం ఉండొచ్చు. ఇవన్నీ వైద్యంతో మెరుగుపడే అవకాశం ఉన్నవి. ముందే పట్టుకోవాలి అనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

కాబట్టి ప్రాజెక్టుకు "అల్జైమర్స్ నిర్ధారణ" అని పేరు పెట్టకండి. నిర్ధారణ డాక్టరు పని. యంత్రాన్ని అడగాల్సిన ప్రశ్న చిన్నది: ఈ ఊళ్ళో ఎవరిని ముందుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి? ప్రశ్న ఇంతకు దిగితే, ఎలాంటి డేటా కావాలో, ఏ తప్పు క్షమించవచ్చో, ఏది క్షమించకూడదో వాటంతట అవే తేలతాయి.

373 వరుసలు, 150 మంది

నేర్చుకోవడానికి నేను ఇప్పించేది ఓయాసిస్ అనే మెదడు స్కాన్ల డేటా. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళది. అందులో రెండో భాగం తీసుకోండి. 60 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న 150 మంది, ఒక్కొక్కరు రెండు అంతకంటే ఎక్కువసార్లు స్కాన్ చేయించుకున్నారు. మొత్తం 373 స్కాన్లు. బొమ్మలు అక్కర్లేదు, వాటి నుంచి తీసిన కొలతల పట్టిక చాలు. గూగుల్ కోలాబ్ అనే వెబ్ పేజీలో ఉచితంగా తెరిచి, పైథాన్ భాషలో పట్టికలు చదివే పాండాస్‌తో చదివించి, యంత్రానికి నేర్పే సైకిట్-లెర్న్‌తో మోడల్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకుని జవాబు చెప్పే లెక్క, కట్టవచ్చు. ఒక ఇంటర్నెట్ రీఛార్జ్ ఉంటే సరిపోయే పని.

మోడల్ జోలికి వెళ్ళే ముందు పట్టికను ఒక పూట కూర్చుని చదవండి. నా పిల్లలు చేయని పని ఇదే.

కుడి చేయా ఎడమ చేయా అనే కాలమ్ ఉంటుంది. అందరూ కుడిచేతి వాటమే. దానిని తీసేయండి, అది చెప్పేదేమీ లేదు. పుర్రె లోపలి పరిమాణం ఒక కాలమ్, దాన్ని సరిచేసే గుణకం ఇంకో కాలమ్. ఒకటి రెండోదానికి విలోమం, అంటే ఒకే మాటను రెండుసార్లు చెప్పడం. ఒకటి ఉంచుకోండి. అసలు సరుకు పుర్రెలో మెదడు ఎంత భాగం ఆక్రమించిందో చెప్పే కాలమ్‌లో ఉంది. మెదడు కుంచించుకుపోయే కొద్దీ ఆ భిన్నం తగ్గుతుంది.

సామాజిక-ఆర్థిక స్థాయి కాలమ్‌లో 19 ఖాళీలు, జ్ఞాపకాన్నీ ఆలోచననూ ప్రశ్నలతో పరీక్షించే ఎంఎంఎస్‌ఈ మార్కుల్లో 2 ఖాళీలు ఉంటాయి. మధ్యస్థ విలువతో, అంటే వరుసగా పేర్చితే నడిమధ్య వచ్చే అంకెతో, నింపవచ్చు. కానీ కొన్ని వరుసలు యంత్రానికి నేర్పడానికి (శిక్షణ), కొన్ని అది ఎంత నేర్చిందో చూడటానికి (పరీక్ష) విడిగా తీసిపెడతాం; ఆ మధ్యస్థం శిక్షణ వరుసల నుంచే లెక్కగట్టాలి. మొత్తం పట్టిక నుంచి తీస్తే, పరీక్షలో రాబోయే వరుసల వాసన శిక్షణలోకి పాకినట్టే.

ఇక సీడీఆర్ అనే కాలమ్. డాక్టరు మనిషితోనూ ఇంట్లోవాళ్ళతోనూ మాట్లాడి ఇచ్చే అంకె అది. 0 అంటే బాగున్నట్టు, 0.5 అంటే చాలా స్వల్పంగా మొదలైనట్టు, అక్కడి నుంచి 1, 2, 3. మనం కనిపెట్టమని యంత్రాన్ని అడుగుతున్న జవాబు దాదాపు ఆ అంకే! దాన్ని పట్టికలో వదిలేసి శిక్షణ ఇస్తే, కాపలా పెట్టిన కంచే చేను మేసినట్టు. నిరుడు ఒక జట్టుకు నూటికి నూరు వచ్చింది. "ఎక్కడైనా నూటికి నూరు వస్తే పండగ చేసుకోకండి, కాలమ్‌లు వెతకండి" అని అప్పటి నుంచి ప్రయోగశాల గోడ మీద అట్ట మీద రాయించి పెట్టాను.

ఎంఎంఎస్‌ఈ మార్కుల సంగతి కొంచెం మెలిక. 1975లో వచ్చిన 30 మార్కుల చిన్న పరీక్ష అది. అది ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి మోడల్ నడిపి, రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించండి. తీసేస్తే ఖచ్చితత్వం ఎంత పడిందో చూస్తే, స్కాన్ చెప్పింది ఎంతో, అడిగిన ప్రశ్నలు చెప్పింది ఎంతో తెలుస్తుంది.

మనిషిని రెండు ముక్కలు చేయకండి

ఆ 98 శాతం ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. పిల్లలు వాడింది ఇంటర్నెట్‌లో అందరూ దించుకునే 6,400 మెదడు బొమ్మల సంచయం. 3,200 బొమ్మలు జబ్బు లేనివి, 2,240 చాలా స్వల్పం, 896 స్వల్పం, 64 ఓ మోస్తరు. 6,400 బొమ్మలంటే 6,400 మంది అనుకున్నారు. కాదు. ఒక్కో మనిషి మెదడును రొట్టె ముక్కల్లా అడ్డంగా కోసిన పొరలు అవి. వాటిని కలగలిపి, నూటికి ఎనభై శిక్షణకూ ఇరవై పరీక్షకూ ఇచ్చారు. ఒకే మనిషి మెదడులో ఏడో పొర శిక్షణలో, ఎనిమిదో పొర పరీక్షలో. పక్కపక్క పొరలు కవల పిల్లల్లా ఉంటాయి. యంత్రం జబ్బును నేర్చుకోలేదు, ముఖాలను బట్టీ పట్టింది. ప్రశ్నపత్రం ముందే చూసినవాడికి 98 రాకపోతే కదా ఆశ్చర్యం.

ఓయాసిస్ పట్టికలోనూ ఇదే గొయ్యి ఉంది. 373 వరుసలను యాదృచ్ఛికంగా విడగొడితే, ఒక పెద్దాయన మొదటి స్కాన్ శిక్షణలోకి, రెండేళ్ళ తర్వాతి స్కాన్ పరీక్షలోకి వెళుతుంది. వరుసలను కాదు, మనుషులను విడగొట్టాలి. సైకిట్-లెర్న్‌లో దీని కోసమే గ్రూప్ కె-ఫోల్డ్ అని ఒకటి ఉంది. మనిషి గుర్తింపు సంఖ్య ఉన్న కాలమ్‌ను దానికి గుంపుగా ఇస్తే, ఒక మనిషి వరుసలన్నీ ఒకే వైపు ఉంచుతుంది. అయిదు మడతలు చాలు, అంటే మనుషులను అయిదు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని వంతులవారీగా పరీక్షకు పెట్టడం. మడతకు ముప్ఫై మంది పరీక్షలోకి వస్తారు. ముప్ఫై మందిలో ఒక్కరు అటూ ఇటూ అయితే ఖచ్చితత్వం 3 శాతానికి పైగా ఊగుతుంది. అంచేత ఒకే అంకె చెప్పి ఊరుకోకుండా, అయిదు మడతల అంకెలూ చెప్పండి.

మా పిల్లల చేత మనుషులవారీగా విడగొట్టించి మళ్ళీ నడిపించాం. తొంభై ఎనిమిది కాస్తా ఎనభై దిగువకు జారింది. ఒకమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. బయటి పరీక్షకుడు వచ్చినప్పుడు ఆ అమ్మాయే లేచి రెండు అంకెలూ ఎందుకు వేరో బోర్డు మీద వివరించింది, అది వేరే సంగతి.

మోడల్ విషయంలో నేను పాతకాలపు మనిషిని. 150 మందికి లాజిస్టిక్ రిగ్రెషన్‌తో, అంటే ఒక్కో కాలమ్‌కు ఒక బరువు ఇచ్చి కలిపే సాదా పద్ధతితో మొదలుపెట్టండి. ఏ కాలమ్ ఎటు లాగుతోందో కంటికి కనిపిస్తుంది. దాని పక్కన ర్యాండమ్ ఫారెస్ట్, అంటే అవును-కాదు ప్రశ్నల చెట్లు చాలా కట్టి వాటి ఓటు తీసుకునే పద్ధతి, పెట్టి పోల్చండి. ఇంత చిన్న డేటాకు లోతైన న్యూరల్ నెట్‌వర్క్ అంటే, కాలువ దాటడానికి ఓడ తెచ్చినట్టు.

ఇంకొక మాట, నాకు చాలా ముఖ్యమైనది. ఆ 150 మందిలో 72 మంది చివరిదాకా బాగున్నవారు, 64 మంది మొదటి స్కాన్ నాటికే డిమెన్షియా ఉన్నవారు. మిగిలిన 14 మంది మొదట బాగుండి తర్వాత మారినవారు. చాలామంది విద్యార్థులు ఈ పధ్నాలుగురిని "ఇబ్బందిగా ఉన్నారు" అని తీసేస్తారు, లేదా జబ్బున్నవారిలో కలిపేస్తారు. ముందే గుర్తించడం అంటే ఆ 14 మందిని మొదటి స్కాన్ నాడే గుర్తించడమే కదా! తక్కిన 64 మందిని గుర్తించడం ఇంట్లోవాళ్ళకు అప్పటికే తెలిసిన సంగతిని తిరిగి చెప్పడం. 14 మంది మీద యంత్రానికి ఏమీ నేర్పలేం. కాబట్టి ఈ డేటాతో చేసిన ప్రాజెక్టు నివేదికలో "ముందే" అన్న మాట ఎక్కడ కనిపించినా నేను ఎర్ర సిరాతో గీత పెడతాను. అభ్యాసానికి మంచి డేటా, అంతే.

ఊరికి దించితే లెక్క ఇలా మారుతుంది

దేశవ్యాప్తంగా వృద్ధుల మీద జరిగిన లాసీ-డ్యాడ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం, మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. సుమారు 88 లక్షల మంది. ఆ లెక్కను ఒక ఊరికి దించి చూడండి. 60 దాటినవారు వెయ్యి మంది ఉన్నారనుకుందాం. 74 మందికి జబ్బు ఉంటుంది, 926 మందికి ఉండదు. మీ మోడల్ జబ్బున్నవారిలో నూటికి తొంభై మందిని పట్టుకుంటుంది, లేనివారిలో నూటికి తొంభై మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. వినడానికి ఎంతో బాగుంది.

74లో సుమారు 67 మంది దొరుకుతారు, 7 మంది జారిపోతారు. 926లో దాదాపు 93 మంది మీద ఊరికే వేలు పడుతుంది. అంటే "డాక్టరుకు చూపించండి" అని 160 మందికి చెబితే, అందులో నిజంగా జబ్బున్నవారు 67 మందే. సగం కూడా లేరు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించిన రోజున మా పిల్లలు తమ యాప్‌లో ఎర్రటి అక్షరాలతో పెట్టిన "మీకు డిమెన్షియా ఉంది" అన్న వాక్యాన్ని వాళ్ళంతట వాళ్ళే తీసేశారు. దాని స్థానంలో "ఒకసారి డాక్టరును కలిస్తే మంచిది" అని పెట్టారు. అది చాలు.

మన ప్రశ్నలు, మన మనుషులు

ఓయాసిస్ పట్టికలో చదువు కాలమ్ చూడండి. అందరికంటే తక్కువ చదివిన మనిషి 6 సంవత్సరాలు చదివాడు. మా అత్తయ్యగారు రెండో తరగతి. ఆవిడలాంటి మనిషిని ఆ మోడల్ ఎన్నడూ చూడలేదు. అలాంటప్పుడు అది చెప్పే మాట ఆవిడ గురించి కాదు.

పరీక్ష ప్రశ్నలదీ అదే కథ. ఎంఎంఎస్‌ఈలో వాక్యం రాయమంటారు, కలిసి ఉన్న రెండు పంచభుజుల బొమ్మ గీయమంటారు, ఒక ఇంగ్లీషు మాటకు అక్షరాలు వెనక నుంచి చెప్పమంటారు. పలక పట్టని మనిషికి ఇక్కడే మార్కులు పోతాయి, జ్ఞాపకం చెక్కుచెదరకపోయినా సరే. అందుకే చదువురాని పల్లెవాసుల కోసం హర్యానాలోని బల్లబ్‌గఢ్ ప్రాంతంలో హిందీ పరీక్ష ఒకటి తయారుచేసి 1995లో ప్రచురించారు. తెలుగుకు వస్తే, భారత వైద్య పరిశోధన మండలి అయిదు భాషల్లో రూపొందించిన పరీక్షల పెట్టెలో తెలుగూ ఉంది. పరిశోధనగా చేయదలిస్తే, సొంతంగా అనువాదాలు చేసుకోకుండా న్యూరాలజీ విభాగం ద్వారా దాన్ని అడిగి తెచ్చుకోండి.

తేదీ అడగడం తేలిక అనుకుంటాం. మా వీధిలో ఒక పెద్దాయనను మా విద్యార్థి తేదీ అడిగాడు. "బహుళ చవితి" అన్నారాయన. తప్పు అని నమోదు చేసుకున్నాడు. పంచాంగం తీసి చూస్తే, చవితే! జిల్లా ప్రశ్న ఇంకా పెద్ద ఇరుకు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం వైపు పెద్దవాళ్ళను ఏ జిల్లా అని అడిగితే డెబ్బై ఏళ్ళ అలవాటుతో "తూర్పు గోదావరి" అంటారు. ఇప్పుడది కోనసీమ. ఆ జవాబుకు మార్కు తీసేస్తే మనం కొలిచింది మతిమరుపును కాదు, గెజిట్‌ను. అలాంటి ప్రశ్నలకు ఒప్పుకోదగ్గ జవాబుల జాబితా ముందే రాసిపెట్టుకోవాలి.

చదువు అనే కాలమ్‌ను కూడా అలాగే వదిలేయకండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకటే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైనట్టు కనిపించింది. చదువురానివారిలోనూ ఆ తేడా ఉంది. మన లంకల్లో కువైట్, మస్కట్ వెళ్ళి ఇరవై ఏళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది! పట్టికలో వాళ్ళు "చదువు: సున్నా". అరబిక్ గలగలా మాట్లాడతారు, హిందీ వచ్చు. మాట్లాడే భాషల సంఖ్యకు ఒక కాలమ్ పెట్టండి.

ముందుగా చెవులు, కళ్ళు చూడండి. ప్రశ్న వినపడని మనిషి జవాబు మరిచిన మనిషిలాగే కనిపిస్తాడు. పైగా 2024 లాన్సెట్ కమిషన్ చెప్పిన 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపం, సరిచేయించని చూపు లోపం కూడా ఉన్నాయి. శుక్లాలకు ఆపరేషన్ చేయించడం, వినికిడి యంత్రం కొనిపెట్టడం ఏ మోడల్ చెప్పకపోయినా చేయదగ్గ పనులు.

గొంతు రికార్డు చేయడం: మేము చేసిన పద్ధతి

స్కాన్ అంటే డబ్బు, ప్రయాణం. గొంతుకు ఫోను చాలు. ఇంగ్లీషులో ఈ పరిశోధన చాలాకాలంగా ఉంది. ఒక వంటింటి బొమ్మ చూపించి ఏం జరుగుతోందో చెప్పమంటారు: తల్లి పళ్ళెం తుడుస్తుంటే తొట్టి పొర్లిపోతూ ఉంటుంది, పిల్లవాడు ఒరిగిపోతున్న ముక్కాలి పీట ఎక్కి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు. 2020లో జరిగిన ఆడ్రెస్ అనే పోటీలో ఆ బొమ్మ వర్ణనలే 156 మందివి ఇచ్చారు, జబ్బున్నవారు 78, లేనివారు 78, వయసూ ఆడామగా సమానంగా చూసుకుని. ఆ జాగ్రత్త మనమూ నేర్చుకోవాలి.

బొమ్మ మాత్రం వాళ్ళది వద్దు. మా విద్యార్థి అక్క ఒకమ్మాయి కాలువ రేవు బొమ్మ గీసి ఇచ్చింది. ఒకావిడ రాతి మీద బట్టలు ఉతుకుతోంది. వెనక దండెం మీది చీర కొంగును మేక నములుతోంది. బిందె నీళ్ళలో కొట్టుకుపోతోంది. జామచెట్టు కొమ్మ చివరిదాకా పాకాడు ఒక పిల్లవాడు. పడవ మీద మనిషి చెయ్యెత్తి కేకేస్తున్నాడు. ఇందులో చెప్పదగ్గ సంగతులు పధ్నాలుగు ఉన్నాయని ముందే జాబితా రాసుకున్నాం. మనిషి ఎన్ని చెప్పారు, ఎంతసేపట్లో చెప్పారు, మధ్యలో మౌనాలు ఎన్ని, ఎంత పొడవు, చెప్పిందే మళ్ళీ ఎన్నిసార్లు. ఇవే మా కాలమ్‌లు.

ఇంగ్లీషు పరిశోధనల నుంచి కాలమ్‌లు ఎత్తుకొస్తే తెలుగులో బోల్తా పడతారు. అక్కడ పేర్లు మరిచిన మనిషి సర్వనామాలు ఎక్కువ వాడటాన్ని ఒక గుర్తుగా లెక్కిస్తారు. మనం మామూలుగానే కర్తను మింగేస్తాం. "ఉతుకుతోంది, చూసుకోవడం లేదు, తినేస్తోంది" అంటే ఎవరు ఏమిటో వినేవాడికి తెలుస్తుంది. అది జబ్బు కాదు, తెలుగు. దాని బదులు "అదీ... దాన్ని ఏమంటారు", "ఆ ఇది ఉంది చూడు" లాంటి తడుములాటలను లెక్కించండి. పదాల సంఖ్యనూ నమ్మకండి. "ఉతుక్కుంటున్నావిడ" మనకు ఒక పదం, ఇంగ్లీషులో నాలుగైదు. నిమిషానికి ఎన్ని అక్షరాలు పలికారో లెక్కపెట్టండి. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు తడుములాటలను, ఆగిపోవడాలను మర్యాదగా తుడిచేస్తాయి. మనకు కావలసింది సరిగ్గా అవే కాబట్టి, కనీసం మొదటి ఇరవై రికార్డింగులు చెవితో విని చేత్తో రాయండి.

ఇక్కడ మాకు జరిగిన అవమానం ఒకటి చెప్పాలి. జబ్బున్నవారి గొంతులు ఒక ఆసుపత్రి గదిలో అనుమతితో రికార్డు చేశాం. బాగున్నవారివి ఊళ్ళో, ఇళ్ళ అరుగుల మీద. మోడల్ అద్భుతంగా పనిచేసింది. అనుమానం వచ్చి, మనిషి మాట్లాడని ఖాళీ క్షణాలు మాత్రమే కత్తిరించి ఇచ్చి చూశాం. అప్పుడూ అద్భుతంగానే పనిచేసింది! ఊరి చుట్టూ రొయ్యల చెరువులు, చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల హోరు. హోరు వినిపిస్తే ఆరోగ్యవంతుడు, వినిపించకపోతే రోగి అని నేర్చుకుంది మా యంత్రం. ఆరు నెలల పని గోదాట్లో కలిసింది. ఇప్పుడు రెండు రకాల వారినీ ఒకే చోట, ఒకే ఫోనుతో, నోటికి జానెడు దూరంలో పెట్టి, ఫ్యాన్ ఆపి, ఉదయం ఫలహారం అయ్యాక రికార్డు చేస్తున్నాం. సాయంత్రం అలసటతో మాట మారుతుంది. ధనుర్మాసంలో గుడి మైకు ఆగేదాకా ఆగండి. మీరూ ఆ ఖాళీ క్షణాల పరీక్ష తప్పక చేయండి, అరగంట పని.

అనుమతి విషయంలో సంతకం ఒక్కటే సరిపోదు. ఎందుకు రికార్డు చేస్తున్నామో, ఎవరు వింటారో, వద్దంటే ఎప్పుడైనా చెరిపేస్తామని, ఇంట్లోవాళ్ళ ఎదురుగా తెలుగులో చెప్పాలి. కాలేజీ నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి. 2023 డేటా రక్షణ చట్టం ఉంది. పేరు తీసేస్తే మనిషి మరుగున పడతారని అనుకోకండి, పల్లెటూళ్ళో గొంతు వింటే చాలు, ఎవరో చెప్పేస్తారు. ఫైళ్ళు వాట్సాప్‌లో పంపకండి. ఫలితం వీధి అరుగు మీద చెప్పకండి. "వాళ్ళింట్లో మతి తప్పిన మనిషి ఉంది" అన్న మాట మనవరాలి పెళ్ళి సంబంధాలదాకా వెళుతుంది.

ఆమెను ఆమెతోనే పోల్చండి

మా పిల్లల యాప్ మా అత్తయ్యగారిని చూసి "సాధారణం" అంది. అనక ఏం చేస్తుంది, ఆవిడ మాటకారి. రేవు బొమ్మ చూసి ఆ ఉతికే ఆవిడకు పేరు పెట్టి, మొగుడిని తిట్టి, మేక ఎవరిదో కూడా చెప్పారు. వందమంది సగటు పక్కన పెడితే ఆవిడ ఎక్కడో పైన ఉన్నారు. కానీ ఆవిడ తన పాత మెట్టు నుంచి దిగుతున్నారా లేదా అన్నది సగటుకు తెలియదు. లేసుకు తెలిసింది. యాభై ఏళ్ళు తప్పని చేతికి ఏడో రేకు దగ్గర లెక్క తప్పింది.

ఆనాటి నుంచి నేను ఇంట్లో చేస్తున్నది ఇది. మూడు నెలలకోసారి అదే ఫోనుతో రేవు బొమ్మ రికార్డింగు. ఆ రోజు అల్లిన ఒక ముక్క మీద తేదీ చీటీ కట్టి పెట్టెలో వేయడం. మొదటి రెండుసార్ల సగటే ఆవిడ సొంత కొలబద్ద. తర్వాతి ప్రతి కొలతనూ దాని నుంచి ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అని చూస్తాను. పట్టికలో ఒక గీత, అంతకు మించిన మెషీన్ లెర్నింగ్ ఏమీ లేదు. వరుసగా రెండుసార్లు దిగితే డాక్టరు దగ్గరకు, ఇది నేను పెట్టుకున్న నియమమే తప్ప వైద్య ప్రమాణం కాదు. మీ ఇంట్లో లేసు లేకపోతే ఇంకేదో ఉంటుంది. పాల లెక్క రాసే పుస్తకం, వాకిట్లో ముగ్గు చుక్కలు, చీటీపాట జమాఖర్చు, ఆవకాయలో ఉప్పు. ఎవరి చేతికి ఏ పని యాభై ఏళ్ళుగా తెలుసో అదే వాళ్ళ పరీక్షపత్రం.

అత్తయ్యగారిని న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళాం. వెళ్ళేటప్పుడు రికార్డింగుల పట్టిక, వాడే మందులన్నీ ఒక సంచిలో, లేసు ముక్కలు రెండు పట్టుకెళ్ళాను. డాక్టరు ఎక్కువసేపు చూసింది లేసు ముక్కలనే. బి12, థైరాయిడ్ పరీక్షలు, స్కాన్ రాశారు. బి12 బాగా తక్కువగా ఉందని తేలింది, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అదొక్కటే కారణమో, ఇంకేదైనా మెల్లగా మొదలవుతోందో ఇప్పుడే చెప్పలేనని, ఆరు నెలలకోసారి రమ్మని అన్నారు. ఇప్పుడు పువ్వులు చాలావరకు ఎనిమిది రేకులతోనే వస్తున్నాయి. చాలావరకు. ఎక్కడికి వెళ్ళాలో తోచనివాళ్ళు వృద్ధుల కోసం ఉన్న ఉచిత ఫోను నంబరు 14567కు చేసి అడగవచ్చు.

పద్ధతిలో ఒక లోపం మాత్రం మొన్న నాలుగో రికార్డింగుకు గానీ నాకు తట్టలేదు. ఫ్యాన్ ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టి బొమ్మ చేతికిచ్చాను. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ఒక్క క్షణం చూసి బొమ్మ బోర్లించేశారు.

"మళ్ళీ ఆ మేకేనా అమ్మాయ్? తొమ్మిది నెలల నుంచి తింటోంది ఆ చీరను. ఎవరూ కట్టెయ్యరేం దాన్ని?"

ఒకే బొమ్మ పదేపదే చూపించకూడదు, కనీసం నాలుగు కావాలి. రెండోదానికి పంటు రేవు గీయమని ఆ అమ్మాయికి చెప్పాను.